వెనుక సీటు వైభవం

ఢిల్లీలో ఏళ్ళ తరబడి వార్తలు పంపుతున్నవాడికి కారును చూసి మనిషిని గుర్తుపట్టే విద్య కొంత అబ్బుతుంది. విజయ్ చౌక్‌లో నిలబడి, వస్తున్న బండిని బట్టి అందులోని వ్యక్తి హోదాను, ఒక్కొక్కసారి ఆయన పదవికి మిగిలి ఉన్న ఆయుర్దాయాన్ని కూడా, అంచనా కట్టగలిగిన పాత్రికేయులు ఒకప్పుడు ఉండేవారు. నేను ఆ విద్యను ఇంతకాలమూ రోడ్డు పక్కన నిలబడే అభ్యసించాను. కారు లోపలి నుంచి, అందులోనూ వెనుక సీటు నుంచి అభ్యసించే అవకాశం గత వారం సూరత్‌లో లభించింది.

జౌళి రంగం మీది పన్నుల సంగతి తెలుసుకుందామని సూరత్ వెళ్ళాను. నేను కలుసుకున్న వ్యాపారులలో ఒకరు, మాటలు ముగిసిన తరువాత, స్టేషన్‌కు తమ కారులోనే వెళ్ళవలసిందని పట్టుబట్టారు. బయటికి వచ్చి చూస్తే నల్లగా, నిగనిగలాడుతూ మెర్సిడెస్ బెంజ్ వారి ఎస్-క్లాస్ నిలబడి ఉన్నది. ఆ కంపెనీ తయారు చేసే సెడాన్లన్నింటికీ ఇది మకుటాయమానం. ఫోన్‌లో నేను మా కార్యాలయంతో మాట్లాడుతున్న తెలుగు విని డ్రైవరు వెనక్కి తిరిగాడు. "సార్, మీరు మనోళ్ళేనా?" అన్నాడు.

అతని తండ్రి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన నేత కార్మికుడు. కాపురం భేస్తాన్‌లో. సూరత్ నగరానికి దక్షిణాన, బొంబాయి నుంచి అహ్మదాబాద్ వెళ్ళే రైలు మార్గంలో ఉధ్నా, సచిన్ స్టేషన్ల నడుమ ఉన్న ఊరు అది. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. చుట్టూ మగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, కార్మికుల ఇళ్ళు. తెలంగాణ జిల్లాల పద్మశాలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్‌కు, భివండీకి వెళ్ళినట్లే సూరత్‌కూ వచ్చారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే ఇక్కడి మనవారి సంఖ్యను పాఠకులు ఊహించుకోవచ్చు.

"మీ రైలుకు ఇంక మస్తు టైమున్నది సార్. మా ఇంట్ల ఛాయ్ తాగి పోదురు" అన్నాడు డ్రైవరు. యజమానికి ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాడు. అలా ఆ మహారాజ వాహనంలో నేను భేస్తాన్‌కు ప్రయాణమైనాను.

కారును గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. ప్రస్తుత నమూనాను కంపెనీ 2020 సెప్టెంబరులో ప్రపంచానికి చూపింది. మన దేశంలో 2021 అక్టోబరు నుంచి పూనా సమీపంలోని చాకన్ కర్మాగారంలో బిగించడం ప్రారంభించినప్పుడు దాని ప్రారంభ ధర 1.57 కోట్ల రూపాయలు. పొడవు దాదాపు 5.3 మీటర్లు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ 3.2 మీటర్ల దూరం. ఆ నడిమి దూరంలో పెంచిన ప్రతి అంగుళమూ వెనుక కూర్చునేవాని కాళ్ళకే చెందుతుంది. తలుపుల పిడులు శరీరంలోకి ముడుచుకుని ఉంటాయి. తాళం జేబులో పెట్టుకుని దగ్గరికి వెళితే బయటికి వస్తాయి. ఇది కేవలం సోకు కాదు. గాలిని చీల్చుకుని పోవడంలో ప్రతి పొడుచుకొచ్చిన వస్తువూ అడ్డమే. ఈ కారు గాలి నిరోధక గుణకం 0.22. ఇంత పెద్ద వాహనానికి అది చాలా తక్కువ. గాలి రాపిడి తగ్గితే ఇంధనమూ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. ఉధ్నా రోడ్డు మీద లారీల హారన్లు, ఆటోల రొద, మగ్గాల మోత ఉండగా, లోపల నా చేతి గడియారం చప్పుడు నాకు వినిపించింది.

చక్రాలకు ఇనుప స్ప్రింగుల బదులు గాలి నింపిన తిత్తులు. గుంత వచ్చినట్లు కళ్ళకు కనబడుతుంది గాని ఒంటికి తెలియదు. ముందు చక్రాలతోపాటు వెనుక చక్రాలు కూడా తిరిగే ఏర్పాటు ఉన్నది. కొన్ని రకాలలో అవి 10 డిగ్రీల వరకు తిరుగుతాయి. అందువల్ల ఇంత పొడవైన బండి చిన్న కారులాగా మలుపు తిరుగుతుంది. డ్రైవరు ముందు, పక్కన గాజు పలకలు. బొత్తాములు చాలావరకు మాయమై, తాకితే పలికే తెరలు వచ్చాయి. మాటతోనూ చెప్పవచ్చు. వెనుక సీటు వాలుతుంది, పిక్కలకు ఆసరా లేస్తుంది, వీపు మర్దన చేస్తుంది. ముందు ఎడమవైపు సీటు తనంతట తాను ముందుకు జరిగి, వెనుకవానికి కాళ్ళు చాపుకునే చోటిస్తుంది. సాయంత్రం పడగానే తలుపుల అంచుల వెంట సన్నని దీపాలు వెలిగాయి. పెళ్ళి పందిరి జ్ఞాపకం వచ్చింది.

"సార్, ఈ బండి ఎవరి కోసం చేసిండ్రో ఎక్కంగనే తెలుస్తది. నడిపెటోని కోసం కాదు. వెనక కూసున్నోని కోసం" అన్నాడు డ్రైవరు. ఈ వాక్యం వాహన నిపుణులు రాసిన ఎన్నో సమీక్షల సారాంశం.

అసలు వెనుక సీటును సింహాసనంగా భావించడంలో మన ప్రాంతానికే ప్రాచీనత ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు ఇవ్వగా, ఆయన మరణానంతరం 1912లో హైదరాబాద్‌కు చేరిన రోల్స్ రాయిస్ కారులో వెనుక సీటును ఎత్తుగా, నిజమైన సింహాసనంగానే చేయించారు. ఆ కారు పేరే 'సింహాసనం కారు'గా నిలిచిపోయింది. జర్మనీ వారు సింహాసనాన్ని కొంచెం కిందికి దించి, దానికి మర్దన చేర్చారు.

అయితే ఈ కారు ప్రతిష్ఠ మెత్తదనం మీద ఆధారపడింది కాదు. ప్రాణరక్షణ మీద ఆధారపడింది. ముందు సీట్ల వీపులలో, వెనుకవారి కోసం గాలి సంచులు అమర్చిన మొదటి కార్లలో ఇది ఒకటి. పక్క నుంచి మరో వాహనం ఢీకొనబోతున్నదని పసిగడితే, తగిన ఏర్పాటు ఉన్న రకాలలో, కారు ఆ వైపు క్షణంలో 8 సెంటీమీటర్ల వరకు పైకి లేస్తుంది. దెబ్బ తలుపు మీద కాక, అడుగున ఉన్న బలమైన దూలం మీద పడాలని ఈ ఉపాయం. ఇక సీటు బెల్టు సంగతి. 2013 నాటి ఎస్-క్లాస్‌తో ఒక ముచ్చటైన ఏర్పాటు వచ్చింది. వెనుక తలుపు తీయగానే బెల్టును బిగించే బకిల్ లోపలి దీపంతో వెలుగుతూ సీటు సందులో నుంచి పైకి లేస్తుంది. కూర్చునే పెద్దమనిషి వంగి వెతుక్కోవలసిన శ్రమ కూడా లేదు. 'అయ్యా, బెల్టు' అని సేవకుడు అందించినట్లుంటుంది.

నేను ఎక్కినప్పుడు కూడా ఆ బకిల్ అలాగే వినయంగా లేచింది. కాని దాని నోట్లో అప్పటికే ఒక చిన్న లోహపు ముక్క దూర్చి ఉన్నది. బయటికి లాగి చూశాను. రెండంగుళాల క్లిప్పు. దాని మీద కారు కంపెనీ గుర్తుకు నకలు కూడా ముద్రించారు.

"అది లేకుంటే బండి ఊకోదు సార్. బెల్టు పెట్టుకో, బెల్టు పెట్టుకో అని గులుగుతది. సేఠ్‌కు బట్టలు నలుగుతయని బెల్టు పడదు. అది పెడితే పెట్టుకున్నట్టే అనుకుంటది, సప్పుడు చెయ్యది" అని డ్రైవరు వివరించాడు. తాను మాత్రం బెల్టు పెట్టుకున్నాడు. "నాకు ఇద్దరు పిల్లలు సార్" అన్నాడు, నేను అడగకుండానే.

కోటిన్నర రూపాయల జర్మన్ విజ్ఞానాన్ని చిల్లర ఖరీదు చేసే మన క్లిప్పు ఓడించింది. ఇది ఒక సేఠ్ చాపల్యమని కొట్టివేయడానికి వీలులేదు. ఈ క్లిప్పుల అమ్మకాన్ని ఆపవలసిందిగా 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు పెద్ద ఆన్‌లైన్ వ్యాపార సంస్థలను ఆదేశించింది. ఆ ఆదేశం ఫలితంగా తొలగించిన ప్రకటనల సంఖ్య 13,118. ఇంత సరకు ఒక్క సూరత్ కోసం తయారు కాలేదు కదా! ఒప్పుకోవలసిన మాట మరొకటి ఉన్నది. ఢిల్లీలో టాక్సీ వెనుక సీటులో కూర్చుని నేను బెల్టు పెట్టుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కించవచ్చు. నాకు క్లిప్పు అవసరం కూడా లేకపోయింది, అంతే భేదం. ఆనాడు మాత్రం క్లిప్పు తీసి జేబులో వేసుకుని, బెల్టు బిగించుకున్నాను.

భేస్తాన్‌లో అతని సందు మొదట్లోనే కారు ఆగిపోయింది. అంత పొడవు బండికి ఆ సందులో చోటు లేదు. డెబ్బై ఏళ్ళు పైబడిన తండ్రి నెమ్మదిగా నడిచి వచ్చాడు. కొడుకు నడిపే కారును ఇంత దగ్గరగా చూడడం ఆయనకు అదే మొదటిసారి. వెనుక తలుపు తీసి, లోపలికి తల పెట్టి, పైకప్పుకు అంటించిన మెత్తని గుడ్డను రెండు వేళ్ళ నడుమ తడిమాడు. నేత పనివాడు గుడ్డను కళ్ళతో చూడడు.

"ఇది తోలు కాదు సారూ. మన పాలిస్టరే. పోగు మస్తు సన్నం చేసిండ్రు" అన్నాడు.

ఆయన మాట నిజం. ఇటువంటి కార్లలో పైకప్పుకు వాడే స్వెడ్ తోలు వంటి గుడ్డ అతి సన్నని పాలిస్టర్ పోగులతో తయారవుతుంది. నలభై ఏళ్ళు సాంచాల ముందు నిలబడి నేసిన మనిషికి, ఆ వైభవంలో తనకు చుట్టమైన వస్తువు అదొక్కటే కనబడింది. టీ తాగుతూ ఆయన నన్నొక ప్రశ్న వేశాడు. "ఈ బండి గుద్దుకున్నా లోపలోళ్ళకు ఏం కాదంటరు గద సారూ. మావోడు రాత్రి ఇంటికొచ్చేది మోటార్ సైకిల్ మీద. పెద్దోళ్ళ బండ్లల్ల పెట్టేటియి చిన్నోళ్ళ బండ్లల్ల ఎప్పుడు పెడ్తరు? మీరు ఢిల్లీల ఉంటరు, మీకెరికనా?"

ఈ ప్రశ్నకు జవాబు భేస్తాన్‌లో లేదు. ఢిల్లీలో, పార్లమెంటు వీధిలోని ట్రాన్స్‌పోర్ట్ భవన్‌లో ఉన్నది. తిరిగి వచ్చాక లెక్క వేసి చూశాను.

జారుడు రోడ్డు మీద బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ విధానం ఎస్-క్లాస్‌లో 1978లో వచ్చింది. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ అది తప్పనిసరి అయినది 2019 ఏప్రిల్‌లో. నడుమ 41 సంవత్సరాలు. డ్రైవరు ఛాతీని కాపాడే గాలి సంచి ఆ కారులో 1981 ప్రాంతంలో వచ్చింది. మనకు తప్పనిసరి అయినది 2019 జూలైలో. పక్క సీటువానికి కూడా గాలి సంచి ఉండాలని 2021లో గాని నిర్ణయం అమలు కాలేదు. ఒక్క యంత్రపు ఉపాయం ధనికుని కారు నుంచి సామాన్యుని కారుకు దిగి రావడానికి ఒక మనిషి పుట్టి, పెరిగి, ఉద్యోగంలో సగం వయసు గడిపేంత కాలం పట్టింది.

ఇది సాంకేతిక విజ్ఞానం స్వభావమని ఎవరైనా అంటే అంగీకరించలేము. మూడు చోట్ల బిగించే సీటు బెల్టును 1959లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. ఆ కంపెనీ దాని మీది పేటెంటును ఇతర తయారీదారులందరికీ వాడుకోనిచ్చింది. ఇచ్చేవారు ఇస్తే, అడిగేవారు అడిగితే ఆ దూరం ఎంతగా తగ్గుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మనవారు అడిగినట్లే అడిగి వెనక్కి తగ్గడమూ ఉన్నది. ప్రతి కారులో ఆరు గాలి సంచులు ఉండాలని 2022 జనవరిలో కేంద్ర రవాణా శాఖ ముసాయిదా ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి అమలన్నారు. తరువాత 2023 అక్టోబరు అన్నారు. తీరా ఆ గడువు ముంచుకొచ్చాక, 2023 సెప్టెంబరులో, తప్పనిసరి చేయబోమని మంత్రి నితిన్ గడ్కరీ ప్రకటించారు. దాని బదులు కార్లను ఢీకొట్టించి పరీక్షించి నక్షత్రాలు వేసే భారత్ ఎన్‌క్యాప్ పద్ధతి ఆ అక్టోబరు నుంచి వచ్చింది. అది మంచి పద్ధతే. కాని నక్షత్రాలను చూసి కొనుక్కోగలిగినవారు కొనుక్కుంటారు. చట్టం అయితే కొనుక్కోలేని వానికీ వర్తిస్తుంది.

మన పాలకుల కార్ల చరిత్ర కూడా ఈ సందర్భంలో చెప్పుకోదగినదే. ప్రధానిగా ఉండగా లాల్ బహదూర్ శాస్త్రి బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు చేసి ఫియట్ కారు కొన్నారు. ఆయన మరణానంతరం ఆ బాకీని భార్య లలితా శాస్త్రి తీర్చారు. ఆ తరువాత దశాబ్దాలపాటు రాజధానిని తెల్ల అంబాసిడరు ఏలింది. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో, ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద తయారైన ఆ కారులో విలాసం అంటే వెనుక అద్దానికి తెర, తువ్వాలు పరచిన సీటు. మంత్రికీ, జిల్లా కలెక్టరుకూ, టాక్సీవానికీ ఒకే కారు కావడం ఒక విధంగా ప్రజాస్వామ్యమే. భద్రత విషయంలోనూ అందరికీ సమానమే. అంటే ఎవరికీ లేదు.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి చేసిన ముష్కరులు వచ్చినది కూడా ఎర్ర దీపం, హోంశాఖ స్టిక్కరు తగిలించిన తెల్ల అంబాసిడరులోనే. హోదాకు గుర్తుగా ఉన్న కారే ఆనాడు దొంగ పాస్‌పోర్టు అయింది. దాని తరువాత వాజపేయి కాలంలోనే ప్రధానికి కవచం తొడిగిన జర్మన్ బీఎండబ్ల్యూ సెడాన్లు వచ్చాయి. 2021 డిసెంబరులో రష్యా అధ్యక్షుడు పుతిన్ రాక సందర్భంగా హైదరాబాద్ హౌస్ ముందు ప్రధాని మోదీ మేబాక్ ఎస్ 650 గార్డ్‌లో నుంచి దిగినప్పుడు ఢిల్లీలో కొన్నాళ్ళు అదే చర్చ. అది నేను సూరత్‌లో ఎక్కిన ఎస్-క్లాస్ వంశానిదే. తూటాలను, పేలుడును తట్టుకునే కవచం అదనం. పత్రికలలో వచ్చిన ధర నిజం కాదని, కారును నిర్ణయించేది ప్రధాని కాదు, రక్షణ దళమని ప్రభుత్వ వర్గాలు సమాధానమిచ్చాయి. దేశ ప్రధాని ప్రాణానికి అత్యుత్తమ రక్షణ ఉండడాన్ని ఎవరూ ఆక్షేపించలేరు. ఈ కార్లు మన దేశంలో తయారు కావడానికి తలుపు తెరచినది కూడా మన తెలుగు ప్రధాని పి.వి. నరసింహారావు ప్రభుత్వమే. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానం ఎత్తివేశారు. మరుసటి సంవత్సరమే మెర్సిడెస్ బెంజ్ ఇక్కడ కంపెనీ నెలకొల్పింది.

వెనుక సీటు ఎంత వైభవంగా ఉన్నా, అందులో కూర్చునే వారికి ఇంకా పట్టుబడని పాఠం ఒకటి ఉన్నది. 2014 జూన్ 3 ఉదయం ఢిల్లీ నడిబొడ్డున, నిర్జనమైన రోడ్డు మీద, కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రి గోపీనాథ్ ముండే కారును మరొక కారు పక్క నుంచి ఢీకొన్నది. ఆయన వెనుక సీటులో ఉన్నారు. మంత్రిగా ప్రమాణం చేసి అప్పటికి ఎనిమిది రోజులు. బెల్టు పెట్టుకుని ఉంటే మిత్రుడు బతికేవాడని అప్పటి ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ తరువాత బహిరంగంగానే వాపోయారు. ఆ శాఖనే ఒకనాడు నిర్వహించిన మన శ్రీకాకుళం నాయకుడు కింజరాపు ఎర్రన్నాయుడిని 2012 నవంబరు 2న రణస్థలం సమీపంలో రోడ్డు ప్రమాదమే బలిగొన్నది. 2022 సెప్టెంబరు 4న ఉద్వాడా నుంచి బొంబాయి వెళుతూ పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. వెనుక ఉన్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ ఇద్దరూ చనిపోయారు. ముందు ఉన్న ఇద్దరూ తీవ్రమైన గాయాలతో బయటపడ్డారు. అదీ ఖరీదైన జర్మన్ కారే. అది 48వ నంబరు జాతీయ రహదారి. సూరత్‌కు తూర్పుగా సాగిపోయేది అదే రోడ్డు.

పెద్దల పేర్లు మనకు గుర్తుంటాయి. మిగిలినవారు అంకెలు. రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. సీటు బెల్టు లేక పోయినవారు 16,715 మంది. వారిలో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది ప్రయాణికులు. అంటే నడిపేవానికీ, కూర్చునేవానికీ మృత్యువు దాదాపు సమానంగానే పంచింది. కాని హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది. భేస్తాన్ పెద్దాయన ప్రశ్న ఈ రెండవ అంకెకు సంబంధించినది.

మోటారు సైకిళ్ళ సంగతి ఇది. 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ 2019 నాటికి తప్పనిసరి అయింది. మన కార్మికులు, గుమాస్తాలు, చిన్న రైతులు ఎక్కేవి అత్యధికం అంతకంటె చిన్న బండ్లు. వాటికి రెండు బ్రేకులను కలిపే సాధారణ పద్ధతి చాలునన్నారు. చిన్న బండ్లకు కూడా ఏబీఎస్ పెట్టాలన్న ముసాయిదా 2025 జూన్‌లో గాని వెలువడలేదు. 1978లో జర్మనీలో ధనికుని సెడాన్‌కు అమర్చిన వస్తువు 2025లో భారతదేశంలో చిన్నవాని మోటారు సైకిల్ విషయంలో ముసాయిదా దశకు చేరింది.

నేను సూరత్ వెళ్ళింది పన్నుల కోసమని చెప్పాను. ఆ పుస్తకంలో కూడా ఈ కథే ఉన్నది. 2024లో హెల్మెట్ మీద జీఎస్టీ 18 శాతం. అదే ఏడాది విద్యుత్ కారు మీద, ఎంత ఖరీదైనది అయినా సరే, 5 శాతం. ఎస్-క్లాస్‌కు జోడీగా ఆ కంపెనీ తెచ్చిన విద్యుత్ సెడాన్ ఈక్యూఎస్ ధర 2022 సెప్టెంబరులో 1.55 కోట్ల రూపాయలు. చాకన్‌లో దాన్ని విడుదల చేస్తూ గడ్కరీ గారే, తాను మధ్య తరగతివాడినని, ఈ కారు తాను సైతం కొనలేనని చమత్కరించారు. పర్యావరణం కోసం విద్యుత్ వాహనాలను ప్రోత్సహించడం సబబే. కాని తలను కాపాడే టోపీ మీద పద్దెనిమిది, కోటిన్నర కారు మీద ఐదు అన్నప్పుడు, ఆ పట్టికను రాసినవారు ఏ సీటులో కూర్చుని రాశారో ఊహించడం కష్టం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్నుల శ్లాబులు మారాయి. చిన్న కార్ల మీద, 350 సీసీ వరకు మోటారు సైకిళ్ళ మీద 18 శాతమే పన్ను. ఇది హర్షించదగిన మార్పు. పెద్ద పెట్రోలు, డీజిలు సెడాన్ల మీద కూడా, సెస్సుతో కలిపి 48 శాతంగా ఉండినది 40కి దిగింది. విలాస వస్తువు అని పేరు పెట్టి, భారం మాత్రం తగ్గించారు.

విలాసవంతమైన కార్లు ఉండకూడదని నా అభిప్రాయం కాదు. కొనేవారు కొనుక్కోనీయండి. ఒక విధంగా అవి లోకానికి ప్రయోగశాలలు. ధనికుడు కట్టిన ధరతోనే ఏబీఎస్ పుట్టింది, గాలి సంచి నిలదొక్కుకున్నది. అందువల్ల ప్రభుత్వం చూడవలసినది ప్రయోగశాలలో తయారైన మందు ఊరి ఆసుపత్రికి ఎన్నాళ్ళకు చేరుతుందన్న సంగతి. మర్దన చేసే సీటు, వెలిగే తలుపులు భేస్తాన్‌కు రాకపోయినా నష్టం లేదు. బ్రేకు రావాలి. ప్రతి పార్లమెంటు సమావేశంలోనూ ప్రమాద మృతుల అంకెలు సభ ముందుకు వస్తాయి. ఏ రక్షణ సాధనం ఏ సంవత్సరం కనిపెట్టారు, ఏ సంవత్సరం చిన్న వాహనానికి తప్పనిసరి చేశారు, ఆలస్యానికి కారణమేమిటి అన్న పట్టిక మాత్రం రాదు. మన తెలుగు సభ్యులలో ఎవరైనా ఒక ప్రశ్న వేసి ఆ పట్టికను రప్పిస్తే, భేస్తాన్ పెద్దాయన అడిగినదానికి కనీసం రాతపూర్వకమైన జవాబు దొరుకుతుంది.

ఆ సాయంత్రం స్టేషన్ దగ్గర దిగుతూ, జేబులోని క్లిప్పును ఏం చేయాలని డ్రైవరును అడిగాను. ఇబ్బందిగా నవ్వి చెయ్యి చాచాడు. "సేఠ్ అడుగుతడు సార్" అన్నాడు. ఇచ్చాను. దాన్ని మళ్ళీ వెనుక సీటు బకిల్‌లో దూర్చాడు. కారును యజమాని ఇంట్లో వదిలి, అక్కడ నిలిపిన మోటారు సైకిల్ మీద భేస్తాన్ చేరేసరికి పది దాటుతుందని చెప్పాడు. హెల్మెట్ ఉన్నదా అని అడిగితే ఉన్నదన్నాడు. ఇల్లు చేరగానే ఒక్కసారి ఫోన్ చేయమన్నాను. ఎందుకని అతను అడగలేదు.

రైలు వడోదరా దాటి గోధ్రాను సమీపిస్తుండగా ఫోన్ మోగింది.

"చేరిన సార్" అన్నాడు.